ఎముక అతుక్కుంది సరే, అమ్మ ఎందుకు కోలుకోలేదు?

మీ ప్రశ్న పూర్తిగా చదివానండి. అమ్మగారికి 72 ఏళ్లు, మూడు నెలల కింద నేల మీదున్న బకెట్ ఎత్తబోతే నడుం పట్టేసింది అనుకున్నారు, తీరా చూస్తే వెన్నుపూస నొక్కుకుపోయిందని ఎక్స్‌రేలో తేలింది, ఇప్పుడు మళ్లీ ఎక్స్‌రే తీసి అతుక్కుంది ఇంక భయం లేదు అన్నారు, కానీ ఆవిడ మాత్రం గది దాటి రావట్లేదు, రెండు ముద్దలు తిని చాలంటున్నారు, ఏం మాట్లాడినా విసుక్కుంటున్నారు, ఇది వయసు వల్లా లేక మనసులో ఏమైనా పెట్టుకున్నారా అని అడిగారు. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఎముకలు గుల్లబారి విరిగిన పెద్దావిడలతోనే నా పని ఎక్కువ, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వయసు వల్ల కాదండి, మొండితనం అసలే కాదు. మీరు రాసిన మూడు మార్పులకీ, తిండి తగ్గడం, గది దాటకపోవడం, విసుగు, మూడిటికీ ఆ విరిగిన పూసతో సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ. ఎలాగో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఆవిడతో మీరు మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

చెయ్యి విరిగితే ఎముకని సరిచేసి కట్టు కడతారు, అతుక్కున్నాక దాదాపు పాత ఆకారమే వస్తుంది. వెన్నుపూస అలా కాదు. ముందు వైపు నొక్కుకుపోయి, ముందు పల్చగా వెనక మందంగా అయిన పూస ఆ నొక్కుకుపోయిన ఆకారంలోనే గట్టిపడుతుంది, పోయిన ఎత్తు తిరిగి రాదు. ఒక పూస అయితే పెద్దగా తెలియకపోవచ్చు, రెండు మూడు అయితే వీపు ముందుకి వంగిపోతుంది, గూని మొదలవుతుంది, మనిషి పొట్టి అవుతుంది. అందుకే వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్ను ఎక్స్‌రే తీయించమంటాం. ఎందుకంటే వెన్నుపూస విరిగిన సందర్భాల్లో మూడింట రెండొంతులు ఆ టైంలో ఎవరికీ తెలియను కూడా తెలియవు, నడుం నొప్పే కదా అని మాత్ర వేసుకుని ఊరుకుంటారు. మీ అమ్మగారికి ఇదే మొదటిది అని మీరు అనుకుంటున్నారు, పాతవి ఉన్నాయేమో కూడా చూడమని అడగండి.

ఇప్పుడు తిండి సంగతి. వెన్ను కుంగితే పక్కటెముకలు కిందకి దిగుతాయి, బాగా కుంగిన వాళ్లకి అవి తుంటి ఎముక అంచుని తాకుతాయి కూడా. మధ్యలో ఉన్న పొట్టకి చోటు తగ్గిపోతుంది, నిండిన సంచిని పైనుంచి అదిమితే ముందుకి ఉబ్బినట్టు పొట్ట ముందుకి వస్తుంది. అందుకే కొంచెం తినగానే కడుపు నిండిపోయినట్టు ఉంటుంది, పుల్ల తేన్పులు, గుండెలో మంట వస్తాయి. దానికి తోడు బలమైన నొప్పి మాత్రలు వాడితే మలబద్ధకం, మలబద్ధకంతో ముక్కితే వీపు నొప్పి, ఆ నొప్పికి భయపడి తిండే తగ్గించేసుకుంటారు, ఇలా చేసే వాళ్లని చాలామందిని చూశాను, అడిగితేగానీ చెప్పరు. తినమ్మా తినమ్మా అని పళ్లెం నింపి పెట్టకండి. రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, మాంసకృత్తులు తగ్గకుండా చూడండి, తిన్న వెంటనే పడుకోనివ్వకండి. పైన వీపు పూసలు కుంగితే ఊపిరితిత్తులకి కూడా చోటు తగ్గుతుంది, నాలుగు అడుగులకే ఆయాసం అందుకే కావచ్చు, కాకపోతే ఆయాసానికి గుండె కారణం కాదని డాక్టర్ దగ్గర తేల్చుకోవాలి.

పొట్ట ముందుకి రావడం గురించి ఇంకో మాట చెప్పాలి, ఎవరూ పట్టించుకోరు గానీ ఆడవాళ్లని ఇది లోపల లోపల చాలా బాధపెడుతుంది. బరువు పెరగకపోయినా లావయ్యారు అనిపించుకోవడం, పాత బట్టలు ఒంటికి సరిగ్గా కుదరకపోవడం, పైకి చూసి మాట్లాడాలంటే మెడ లాగడం, ఫోటో అంటే పక్కకి తప్పుకోవడం. నలుగురిలోకి వెళ్లడం మానేసినావిడని ఎందుకు అని అడిగితే నడుం నొప్పి అనే చెప్తుంది, నన్ను చూసి ఏమనుకుంటారో అన్నది చాలా కాలానికి గానీ బయటికి రాదు. ఆలుమగల మధ్య దగ్గరితనం కూడా దెబ్బతింటుంది, దాని గురించి డాక్టరూ అడగడు ఆవిడా చెప్పదు.

ఇక నొప్పి. విరిగినప్పటి పదునైన నొప్పి సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. ఆ తర్వాత మిగిలేది వేరే రకం, అది ఎముక నొప్పి కాదు కండరాల అలసట. వంగిపోయిన వీపుని నిలబెట్టడానికి వెనక కండరాలు రోజంతా లాగి పట్టుకునే ఉండాలి కదా, పొద్దున బానే ఉంటుంది, పది నిమిషాలు నిలబడితే మొదలవుతుంది, సాయంత్రానికి భరించలేని స్థితి. పడుకుంటే తగ్గుతుంది. ఇంట్లో వాళ్లకేమో పొద్దున బానే ఉందిగా, ఇప్పుడేమైంది అనిపిస్తుంది. రోజంతా అలా సన్నగా లాగుతుంటే ఎవరికైనా విసుగు వస్తుందండి. ఎముకలు గుల్లబారిన వాళ్ల జీవితం ఎలా ఉందో కొలవడానికి 41 ప్రశ్నలతో క్వాలెఫో అనే ప్రశ్నావళి ఒకటి ఉంది, నొప్పి, రోజువారీ పనులు, నలుగురితో కలవడం, ఆరోగ్యం గురించి తన అభిప్రాయం, మనసు, ఇలా ఐదు భాగాలు. చిన్న చిన్న వాటికే చిరాకు పడుతున్నారా, పూర్తిగా ఇంకొకళ్ల మీద ఆధారపడాల్సి వస్తుందని భయపడుతున్నారా, ఇవి కూడా అందులో ఉన్న ప్రశ్నలే. మీ అమ్మగారి విసుగు అంత మామూలుగా కనిపించేది కాబట్టే దాన్ని కొలతలో చేర్చారు.

నేనైతే నొప్పి పదికి ఎంత అని ఒక్కటే అడిగి వదిలెయ్యను. ఇదివరకు చేసే ఏ పని ఇప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడుగుతాను. నొప్పి రెండే అని చెప్పినావిడ నెలరోజులుగా తల తనంతట తను దువ్వుకోలేదు, స్నానానికి కూతురు కోసం ఎదురుచూస్తోంది, ఇవన్నీ ఆ ప్రశ్నతోనే బయటపడతాయి. అసలు ఏ పనీ చెయ్యకపోతే నొప్పి రెండే ఉంటుంది మరి.

గది దాటకపోవడం దగ్గరికి వద్దాం, ఇక్కడే ఇంటివాళ్ల పాత్ర ఎక్కువ. ఒక బకెట్ ఎత్తినందుకే వెన్ను విరిగింది అంటే ఆవిడకి తన ఒంటి మీదే నమ్మకం పోయి ఉంటుంది. రేపు దగ్గితే విరుగుతుందేమో, మెట్టు దిగితే విరుగుతుందేమో. ఆ భయంతో కదలడం తగ్గిస్తారు, కదలకపోతే కాళ్ల కండరాలు కరుగుతాయి, నిలబడితే తూలుతారు, తూలితే భయం ఇంకా పెరుగుతుంది, చివరికి నిజంగానే పడతారు. దీనికి మనం ప్రేమతో చేసే సాయం ఏంటంటే నువ్వు కూర్చో అమ్మా నేను చేస్తా అనడం. మొదటి రెండు మూడు వారాలు అది అవసరమే. మూడో నెలలో కూడా అదే అంటుంటే ఆవిడకి వినిపించేది వేరు, నాతో ఇంక పని లేదు అని. ఇల్లంతా తన చేతి మీద నడిపిన మనిషికి ఆ దెబ్బ ఎముక విరగడం కన్నా పెద్దది, నా ఉద్దేశంలో వెన్నుపూస విరిగిన ఆడవాళ్లు కుంగిపోవడానికి నొప్పి తర్వాత ముఖ్య కారణం ఇదే. పని మొత్తం లాక్కోకుండా పని చేసే తీరు మార్చండి. నడుం ఎత్తులో బల్ల మీద పెట్టి కూర్చుని చేసేలా, కింద అరల్లో ఉన్నవి పైకి మార్చి, నిండు బకెట్‌కి బదులు చిన్న మగ్గుతో. ఏం చెయ్యాలో ఎప్పుడు చెయ్యాలో ఆవిడనే చెప్పనివ్వండి.

ఆధారపడటం అంటే వాళ్లకి ఎంత భయమో ఒక అధ్యయనం చెప్తుంది. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, ఆస్ట్రేలియాలో 75 దాటిన, పడిపోయే ప్రమాదం ఉన్న ఆడవాళ్లని అడిగారు, తుంటి బాగా విరిగి నర్సింగ్ హోమ్‌లో ఉండాల్సి రావడం కన్నా చనిపోవడమే నయం అన్నవాళ్లు 80 శాతం. చావు గురించి వాళ్లు తేలిగ్గా మాట్లాడినట్టు నేను చదవలేదు, సొంతంగా బతకడానికి వాళ్లిచ్చే విలువ అంత.

తుంటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారికి మనం తప్పించాల్సింది అదే. తుంటి విరిగిన వాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది లోపు చనిపోతారు, బతికిన వాళ్లలో చాలామంది ఏడాది తర్వాత కూడా ఎవరి సాయం లేకుండా నడవలేరు. ఆపరేషన్ ఆలస్యమైనా, మంచం మీద ఎక్కువ రోజులు ఉన్నా న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పుండ్లు పడటం, ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం ఇవన్నీ వస్తాయి, అందుకే వీలైతే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి మర్నాడే నిలబెట్టాలని చూస్తారు. మణికట్టు విరగడం వీటితో పోలిస్తే చిన్నది, చాలామంది ఏడాది లోపు కోలుకుంటారు. కానీ యాభైల్లో చెయ్యి ఆనించి పడి మణికట్టు విరిగితే అది ముందస్తు హెచ్చరిక, ఆ రోజే ఎముకల పరీక్ష చేయించి ఉంటే వెన్ను దాకా రాకుండా ఆపగలిగే వాళ్లు ఎంతోమంది. కట్టు విప్పేసి పంపేస్తారు, అంతే. 50 దాటిన ముగ్గురు ఆడవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలా ఎముక విరుగుతుందని ప్రపంచవ్యాప్తంగా ఉన్న అంచనా, అయినా విరిగాక ఎముకకి మందు మొదలుపెట్టేది కొద్దిమందికే. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇదొక్కటే.

మీ ప్రశ్నలో మందుల మాట అసలు లేదు, నొప్పి మాత్రలు, కాల్షియం తప్ప. అందుకే అడుగుతున్నా, ఎముక బలానికి వేరే మందు ఏదైనా రాశారా? వెన్నుపూస ఒకటి కొత్తగా విరిగిన ఆడవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే ఇంకో పూస విరుగుతుంది. అంటే ఇప్పుడు నడుస్తున్న ఈ కొన్ని నెలలే అన్నిటికన్నా ప్రమాదమైనవి, చూద్దాంలే అనుకునే టైం కాదు. విరిగిన ప్రతి పూసకీ జీవితం ఇంకాస్త ఇరుకవుతుంది కాబట్టి రెండోది రాకుండా ఆపడమే ఆవిడ బతుకు బాగుండటానికి మీరు చేయగలిగిన అతి పెద్ద పని. కాల్షియం, విటమిన్ డి అవసరమే, తిండితో కలిపి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల దాకా విటమిన్ డి అని లెక్క, కానీ ఇప్పటికే విరిగిన ఎముకకి అవి రెండే సరిపోవు.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోలిస్తే ఎంత తగ్గిందో చెప్పే అంకె) -2.5 దాకా రాలేదు కాబట్టి మందు అక్కర్లేదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ -2.5 అనేది ఎముక గుల్లబారింది అనడానికి 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత, మంచిదే, కానీ బకెట్ ఎత్తితే పూస విరిగిందంటే స్కోరు ఎంతున్నా ఆ ఎముక బలహీనమైనదే అని లెక్క. ముందుగా ఎముక ఎందుకు గుల్లబారిందో రక్తపరీక్షలు చేయిస్తారు, థైరాయిడ్, పారాథైరాయిడ్, విటమిన్ డి, కిడ్నీలు, మజ్జలో వచ్చే మైలోమా అనే క్యాన్సర్ లాంటివి లేవని చూసుకోవాలి, స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడైనా ఎక్కువ కాలం వాడి ఉంటే అది తప్పకుండా చెప్పాలి. మందుల్లో అలెండ్రోనేట్ వారానికి ఒక మాత్ర, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా నిటారుగా ఉండాలి, మీ అమ్మగారికి గుండెల్లో మంట, నిటారుగా కూర్చోలేకపోవడం ఉంటే ఈ మాత్ర కుదరకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కి మీరే చెప్పాలి. అప్పుడు ఏడాదికి ఒకసారి నరంలో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. తుంటి విరిగిన వాళ్లకి అది ఇచ్చి చూసిన 2007 నాటి పెద్ద అధ్యయనంలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. డెనోసుమాబ్ అయితే ఆరు నెలలకో ఇంజెక్షన్, మంచి మందే గానీ డేటు దాటనివ్వకూడదు, మధ్యలో ఊరికే ఆపేస్తే ఎముక గబగబా కరిగి ఒకేసారి రెండు మూడు పూసలు విరిగిన వాళ్లు ఉన్నారు, ఆపాలంటే వెంటనే ఇంకో మందుకి మార్చాలి. బాగా బలహీనంగా ఉంటే టెరిపారటైడ్ రోజూ ఇంజెక్షన్, ఇది కొత్త ఎముకని కడుతుంది. దవడ ఎముక దెబ్బతింటుందట అని విని భయపడి మందు మానేస్తుంటారు, అది చాలా అరుదు, పళ్లు పీకించుకునే పని ఉంటే ముందే చేయించుకుని మొదలుపెడితే సరి. ఏ మందో నిర్ణయించేది డాక్టరే, నేను చెప్పేది మీరు అడగడానికి.

పూసలో సిమెంట్ ఎక్కిస్తే నొప్పి పోతుందట కదా అని అడుగుతారేమో. 2009లో వచ్చిన రెండు అధ్యయనాల్లో సిమెంట్ ఎక్కించిన వాళ్లకీ, ఎక్కించినట్టు చేసి వదిలేసిన వాళ్లకీ నొప్పి తగ్గడంలో తేడా పెద్దగా లేదు. మూడో నెలలో, అతుక్కున్న పూసకి, నేనైతే తొందరపడను.

ఇక నా పని, వ్యాయామం. ముందు చెయ్యకూడనిది చెప్తా. ముందుకి వంగి కాలివేళ్లు పట్టుకోవడం, వెల్లకిలా పడుకుని పైకి లేవడం, నడుం మెలితిప్పడం ఇవేవీ వద్దు, వీడియోల్లో చూసి అసలే చెయ్యొద్దు. 1984లోనే ఒక అధ్యయనంలో ముందుకి వంగే వ్యాయామాలు చేసిన ఆడవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా పూసలు కుంగాయి, వీపు వెనక్కి లాగే వ్యాయామాలు చేసిన వాళ్లలో 16 శాతం మందికే. చిన్న అధ్యయనమే గానీ తేడా చూడండి. కావాల్సింది వెనక కండరాల బలం. మొదట్లో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కింద పల్చటి దిండు పెట్టి, భుజాలు పక్క మీదకి మెల్లగా అదమడం, ఐదు లెక్కపెట్టి వదలడం. కూర్చుని రెండు రెక్క ఎముకలూ దగ్గరికి లాగడం. కాళ్ల కోసం గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మొదట రెండుసార్లయినా చాలు. గట్టి బల్ల పట్టుకుని ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడటం, పక్కన మనిషి ఉండాలి. ఒకసారి ఎవరైనా ఫిజియోథెరపిస్ట్ చూసి నేర్పితే మంచిది, ఎందుకంటే గూని ఎంతుందో బట్టి మార్చాలి. మంచం దిగేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకి దొర్లి, కాళ్లు దించి, చేతులతో తోసుకుని లేవాలి. కింద వస్తువు తీయాలంటే వీపు నిటారుగా ఉంచి మోకాళ్లు, తుంటి దగ్గర మడవాలి. మధ్యాహ్నం, సాయంత్రం నొప్పి ముదరకముందే ఇరవై నిమిషాలు వెల్లకిలా పడుకోమనండి, ఇది బద్ధకం కాదు వైద్యమే, ఇలా పడుకున్న రోజు సాయంత్రం కాసేపు బయట తిరగగలుగుతారు. నడుం బెల్టు ఇంకా వాడుతుంటే ఎప్పుడు మానాలో అడగండి, ఎక్కువ కాలం వాడితే కండరాలు ఇంకా మెత్తబడతాయి.

పడకుండా చూడటం మీకు తెలిసే ఉంటుంది, రాత్రి లైటు, జారే పట్టాలు తీసేయడం, బాత్రూంలో పట్టుకోడానికి కమ్మీ, కళ్లద్దాలు. ఎక్కువమంది మర్చిపోయేది మందుల చీటీ. నిద్ర మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, మనసు బాలేదని ఇచ్చే కొన్ని మాత్రలు తూలేలా చేస్తాయి, అన్నీ ఒకచోట పెట్టి డాక్టర్‌కి చూపించండి, మీరంతట మీరు ఆపకండి.

దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే, ఎందుకీ బతుకు అనే మాటలు వస్తే దాన్ని ఎముక డాక్టర్ చూస్తారులే అని వదిలేయకండి, అది విడిగా వైద్యం ఉన్న జబ్బు. కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం మలం మీద అదుపు తప్పినా, జ్వరంతో నడుం నొప్పి వచ్చినా, పడుకున్నా తగ్గని నొప్పి రాత్రంతా ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా ఆలస్యం చెయ్యకుండా వెళ్లండి.

మళ్లీ రాసేటప్పుడు ఇవి రాయండి: గోడకి నిలబెట్టి కొలిస్తే ఆవిడ ఎత్తు ఇప్పుడెంత, వయసులో ఉన్నప్పుడు ఎంత, విరిగింది ఏ పూస అని రిపోర్టులో ఉంది, ఏయే మాత్రలు వాడుతున్నారు, ఎన్ని నిమిషాలు నిలబడితే నొప్పి మొదలవుతోంది. ఇంకొకటి, మీరు కాదు ఆవిడే చెప్పాలి, మానేసిన వాటిలో ఏ ఒక్క పని తిరిగి చెయ్యగలిగితే బావుంటుంది అనుకుంటున్నారో అడిగి అది రాయండి, వ్యాయామాలు ఆ పని నుంచే మొదలుపెడదాం.